కోనసీమ ఇంటికి మంచుదేశపు కప్పు వద్దు

సంపాదకులకు నమస్కారం.

సంక్రాంతికి మీ జిల్లా పేజీల్లో వేసిన బొమ్మల కొలువుల ఫొటోల్లో చిన్న చిన్న ఇళ్ళు, రైలు స్టేషన్లు చాలా కనిపించాయి. సంతోషం. కానీ కొబ్బరి చెట్ల నడుమ, కాలవ గట్టున పెట్టిన పల్లెటూరి ఇల్లు చాలా చోట్ల పొగగొట్టంతో, నిటారు కప్పుతో ఉంది. అది మంచు కురిసే దేశాల కోసం చేసిన కిట్టు, అంటే ముక్కలు అతికించి కట్టే నమూనా ఇల్లు. మన ఇంటి కప్పు పని వేరు. ఎండా వానా గోడకు తగలకుండా ఆపే చూరు మనకు ముఖ్యం. గోడకు సున్నం రంగు వేసి, వాకిట్లో ముగ్గు పెట్టినంత మాత్రాన అది కోనసీమ ఇల్లు కాదు. కప్పు మార్చాలి, అరుగు కట్టాలి. అదెలాగో, ఎక్కడ చెడుతుందో నమూనా ఇళ్ళు చేసే మేము కొందరం కలిసి రాస్తున్నాం.

ముందు ఖర్చు సంగతి. జర్మనీలోని ఫాలర్ వంటి కంపెనీల కిట్లు మన కస్టమ్స్ లెక్కలో ఆటబొమ్మలతో పాటే 9503 శీర్షిక కిందికి వస్తాయి. ఆ సుంకాన్ని 2020 బడ్జెట్‌లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచారు. అంత పోసి కొన్నదాన్ని ఉన్నదున్నట్టు అతికించి వదిలేయడం కన్నా, అందులోనే చౌకైన సాదా ఇల్లు ఒకటి కొని కోసి మార్చుకోవడం మేలు.

రైలు నమూనాల్లో ఎక్కువగా వాడే హెచ్‌ఓ కొలత అంటే 1:87, అసలు దానిలో 87వ వంతు. అయిదున్నర అడుగుల మనిషి అందులో 19 మి.మీ. ఉంటాడు, ఆరడుగుల తలుపు 21 మి.మీ. ఆర్కిటెక్టుల సామాను అమ్మే చోట దొరికే బొమ్మలు చాలావరకు 1:100వి. ఆ మనిషి 17 మి.మీ. కూడా ఉండడు. రెండూ పక్కపక్కన పెడితే పెద్దవాళ్ళు పిల్లల్లా కనిపిస్తారు. రాజమండ్రి దగ్గర గోదావరి మీది పాత రైలు వంతెన హేవలాక్‌ను మొత్తం చేయాలని ఉబలాటపడే వాళ్ళకూ ఒక మాట: ఒక్కో ఖానా (రెండు స్తంభాల నడుమ భాగం) 150 అడుగులు, అంటే హెచ్‌ఓలో 525 మి.మీ. 56 ఖానాలకు 29 మీటర్లు దాటుతుంది. మూడు ఖానాలు చేసి, రెండు కొసలూ చెట్ల వెనక దాచండి.

ఇక కప్పు. కిట్టు ఇంటి వెడల్పు 100 మి.మీ., వాలు 50 డిగ్రీలు అనుకుందాం. పక్క గోడ మీది త్రికోణం దాదాపు 60 మి.మీ. ఎత్తుంటుంది. మన పెంకుటింటి వాలు 30 డిగ్రీలకు దించితే ఆ ఎత్తు 29 మి.మీ.కి వస్తుంది. త్రికోణం కోసేశాక కప్పు పలకను కూడా సగానికి కోసేయాలనుకుంటారు. ఎక్కువమంది పాడు చేసుకునేది ఇక్కడే. పాత పలక వాలు పొడవు 78 మి.మీ. కొత్త వాలుకు 58 చాలు. కానీ గోడ దాటి మూడడుగుల చూరు రావాలంటే ఇంకో 12 కావాలి. అంటే 70. కొయ్యాల్సింది 8 మి.మీ. మాత్రమే, అదీ కొప్పు (రెండు వాలులూ కలిసే పై అంచు) వైపు నుంచి. పలకను బల్ల మీద పరిచి, కోసిన అంచును నిలువు నుంచి 30 డిగ్రీలు వాలేలా ఆకురాయితో రుద్దితేనే రెండు పలకలూ కొప్పు దగ్గర సందు లేకుండా కలుస్తాయి. అంత చూరు గాలిలో నిలవదు, కింద స్తంభాలు పెట్టాలి. 2 మి.మీ. పళ్ళ పుల్ల ఈ కొలతలో ఏడంగుళాల స్తంభం. కొసలు కోసేసి వాడండి.

మండువా లోగిలి చేసేవాళ్ళకు అసలు చిక్కు లోపలి మూలల్లో వస్తుంది. నాలుగు కప్పులూ లోపలికి వాలి మధ్యలో ఆకాశం కనిపించాలి. పైనుంచి చూస్తే మూల 45 డిగ్రీలే కాబట్టి పలకనూ 45కే కోస్తారు. పలక వాలి ఉంటుంది కనుక దాని మీద ఆ కోణం 49 డిగ్రీలు. 45కి కోస్తే చూరు దగ్గరికి వచ్చేసరికి మూలల్లో సందు విచ్చుకుంటుంది, దాన్ని ఎంత పుట్టీతో పూడ్చినా తెలిసిపోతుంది. పైనుంచి కనిపించే పటం గీసి, వాలు దిక్కున మాత్రమే 1.155 రెట్లు పెంచి, పాత పెళ్ళి శుభలేఖ అట్ట మీద కోసి చూసుకున్నాకే ప్లాస్టిక్ ముట్టుకోండి.

అరుగు ఎత్తు రెండున్నర అడుగులైతే 9 మి.మీ. 3 మి.మీ. సన్‌బోర్డు (తేలికైన ప్లాస్టిక్ నురుగు పలక) మూడు పొరలు సరిపోతుంది. గోడ మందం ఎవరూ పట్టించుకోరు. పాత మట్టి గోడ అడుగున్నర ఉండేది, అంటే 5 మి.మీ. కిట్టు గోడ మిల్లీమీటరు ప్లాస్టిక్. కిటికీ వెనక అట్ట పొరలు అంటించి లోతు చూపించకపోతే ఇల్లు డబ్బాలా ఉంటుంది. కిటికీ ఊచలకు కరెంటు వైరులోని సన్నని రాగి పోగు వాడండి.

మంగుళూరు పెంకు కప్పు మీద కనిపించే మేర హెచ్‌ఓలో సుమారు 3.7 మి.మీ. పొడవు, 2.3 వెడల్పు. కాగితం పట్టీకి 2.3 మి.మీ.కి ఒక గాటు పెట్టి, చూరు నుంచి పైకి వరసకు సగం పెంకు జరుపుతూ అంటించాలి. అట్టపెట్టె లోపలి మడతలను గూన పెంకులుగా వాడటం ఈ కొలతలో కుదరదు. ఆ మడత ఆరు మి.మీ. పైచిలుకు, 1:24 ఇంటికైతే చక్కగా అతుకుతుంది. తాటాకు కప్పుకు కొబ్బరి పీచు మెలి తిరుగుతుంది, గోనె నార తిన్నగా పడుకుంటుంది.

డెల్టాలో పనికి అసలు శత్రువు తేమ. ముసురు పట్టిన రోజు స్ప్రే రంగు వేస్తే పైన తెల్లటి పొగలా తేలుతుంది. ఫెవిక్విక్ అతుకుల చుట్టూ కూడా తెల్లటి మచ్చ వస్తుంది. అట్టకు ఒకవైపే రంగు వేస్తే వంగుతుంది, రెండు వైపులా వేయండి. కిట్టు ప్లాస్టిక్‌ను ఫెవికాల్ పట్టదు, దానికి ప్లాస్టిక్‌ను కాస్త కరిగించి అతికించే ప్లాస్టిక్ సిమెంటే కావాలి. ఆ సిమెంటునే థర్మోకోల్ మీద పెడితే గుంట పడి కరిగిపోతుంది, ఎందుకంటే కిట్టు ప్లాస్టిక్కూ థర్మోకోలూ రెండూ ఒకే పాలిస్టైరీన్. పండగయ్యాక పెట్టెలో నాఫ్తలీన్ ఉండలు వేసి అటక ఎక్కిస్తారు. దయచేసి అది మానండి. ఆ ఆవిరికి పాలిస్టైరీన్ మెత్తబడి పాడవుతుంది. పురుగు భయముంటే పెట్టె బాగా మూసి, సిలికా జెల్ పొట్లాలు వేస్తే చాలు.

చివరిగా రాజమండ్రి, కాకినాడ, భీమవరంలో ఈ సామాను అమ్మేవారికి, లేజర్ కటింగ్ షాపులకు మా విన్నపం. ప్యాకెట్ మీద చిన్నది, పెద్దది అని కాకుండా 1:87 అనో 1:100 అనో నిష్పత్తి వేయండి. ఏ ప్లాస్టిక్కో కూడా రాస్తే ఏ జిగురు కొనాలో తెలుస్తుంది. ఎండీఎఫ్ (చెక్క నార అదిమి చేసిన పలక) కోసే ముందు ఆ షీటునే వెర్నియర్‌తో కొలవండి. 3 మి.మీ. అని అమ్మేది ఒక్కోసారి 2.8 ఉంటుంది. లేజరు గీత మరో 0.2 దాకా తినేస్తుంది. 3 అని గీసిన గాడి 3.2 అయితే గోడలు ఊగక ఏమవుతాయి? పూర్తి ఇంటి కిట్టు కన్నా పెంకు షీట్లు, ఊచల కిటికీలు, రెండు రెక్కల తలుపులు విడిగా అమ్మితే మాలాంటి వాళ్ళం ముందు కొంటాం.

ఇట్లు,
నమూనా ఇళ్ళ తయారీదారులు కొందరు,
అమలాపురం