పాలు మానేశావట!

అద్దంకి
ఆదివారం

నాన్నా కిశోర్,

ఆశీస్సులు. ఇక్కడ అందరం కులాసా. మీ నాన్న మోకాలు ఎప్పటిలాగే ఉంది, మాత్ర వేసుకోమంటే ఎప్పటిలాగే వినరు. వాన ఆలస్యంగా పడ్డా బాగానే పడింది. పెరటి గోడ మళ్ళీ ఉబ్బింది. "రేపొస్తా" అని పోయిన మేస్త్రీ పోయినట్టే ఉన్నాడు. నల్లబర్రె చూడి నిలిచింది, ఈసారైనా పెయ్యదూడ పుడితే బాగుండు.

గీత పిన్ని అక్కడ జర్మనీలో ఉన్న స్వాతి దగ్గరికి బయల్దేరుతోంది కాబట్టి ఇది ఆమె చేతికిస్తున్నా. ఫోను ఉండగా ఉత్తరమేంటి అంటావు. ఫోనులో అయితే "సరేలే అమ్మా, క్లాసుంది" అని పెట్టేస్తావు. ఈమధ్య ఆదివారాలు అదీ లేదు. కాగితమైతే చివరిదాకా చదవక చస్తావా.

ఇక్కడ పెద్ద సంగతులేమీ లేవు. శ్రీలత వాళ్ళబ్బాయికి పెళ్ళి కుదిరింది, పిల్లది చీరాల. ఆ అబ్బాయి మొన్న మాగ్డెబర్గ్ వచ్చి నీ గదిలోనే ఉన్నాడటగా. శ్రీలత కూరగాయల బండి దగ్గర పట్టుకుని, నలుగురూ వినేట్టు, "మీవాడు పాలూ పెరుగూ మానేశాడట వదినా, కాఫీలో ఏవో ఓట్స్ నీళ్ళు పోసుకుంటున్నాడట" అంది. నేనేం తడబడలేదు. "తెలుసులే" అని బెండకాయలు ఏరుకున్నాను.

అది పక్కన పెట్టు. దాని గురించి రాయడానికి కూర్చోలేదు. చలి మొదలయ్యేలోపు ఆ జర్కిన్ జిప్పు బాగుచేయించుకో. గదిలో హీటరు దండగని ఆపుకుని కూర్చోకు. అన్నట్టు, పాలు ఎప్పటినుంచి మానావు? జూన్‌లో జ్వరం, విరేచనాలు అని పడుకున్నావే, దాని తర్వాతా, అంతకు ముందేనా? మీ నాన్న అడగమన్నారు.

నాకు కంగారేమీ లేదు. ఊరికే తెలుసుకుందామని స్వాతికి వీడియో కాల్ చేసి, ఆల్డీ కొట్లో పాలకు బదులు తాగే ఆ డబ్బాలుండే అర ముందు నిలబెట్టి, ఒక్కోదాన్నీ వెనక్కి తిప్పించి చదివించాను. పక్కనున్న ముసలావిడ సరుకులు కొనడం మానేసి మమ్మల్నే చూసిందట. ఓట్స్‌ది, సోయాది, బాదంది, బియ్యానిది, అన్నీ ఉన్నాయి. ఆ కొట్టు సొంత సరుకు లీటరు యూరోకి అటూ ఇటూ, ఆల్ప్రో, ఓట్లీ అని పేరున్నవి అంతకంటే బాగా ఎక్కువ. అసలు పాల మీద పన్ను 7 శాతమైతే వీటి మీద 19 శాతమట. మీ నాన్న అక్కడే ఆగిపోయి జర్మనీ ప్రభుత్వాన్ని అన్నం తినేదాకా తిట్టారు.

బాదం డబ్బాలో బాదం ఎంతో చూశావా? రెండు, మూడు శాతం. తక్కినదంతా నీళ్ళే. ఇలాంటి సరుకు నా పాల కేంద్రానికి తెస్తే క్యాను మూత కూడా తీసేదాన్ని కాదు. డబ్బా మీద వాళ్ళు పాలు అని రాయరులే, పొదుగులోంచి వచ్చిందే పాలు, మిగతావి డ్రింకులు అని యూరప్ కోర్టు 2017లో తేల్చింది. అక్కడ కూర్చున్న జడ్జీల్లో ఎవరో ఒకరు పాల కేంద్రంలో పనిచేసినవాళ్ళే అయ్యుంటారు. మాంసకృత్తుల మాటకొస్తే నూరు మిల్లీలీటర్లకు సోయాలో మూడు గ్రాములు, అంటే పాలకు దగ్గర దగ్గర. ఓట్స్‌లో ఒక గ్రాముకి అటూ ఇటూ, బాదంలో అర గ్రాము, బియ్యానిదాంట్లో అదీ లేదు, తీపి ఒక్కటే. కాఫీలోకి ఓట్స్‌దే రుచిగా ఉంటుందని స్వాతి కూడా చెప్పింది, పోసుకో, కాదనను. పొద్దున గ్లాసెడు తాగడానికి మాత్రం సోయా తెచ్చుకో. చల్లటి సోయా పాలు మరిగే డికాషన్‌లో పోస్తే విరిగిపోతాయి. ముందు పాలు వెచ్చచేసి, వాటి మీద డికాషన్ పోసుకో.

ఆకుపచ్చ 'బియో' ముద్ర, అంటే సేంద్రియం అన్న ముద్ర, చూసి మంచిదని మోసుకురాకు. ఆ ముద్ర ఉన్నవాటిలో విడిగా కాల్షియం కలపడానికి అక్కడి చట్టం ఒప్పుకోదు, 2021లో కోర్టు కూడా అదే చెప్పింది. ముద్ర లేని డబ్బా మీద నూరు మిల్లీలీటర్లకు 120 మిల్లీగ్రాముల కాల్షియం అని ఉంటుంది చూడు, ఆ లెక్క పాలతో సమానం. పోసుకునే ముందు బాగా ఊపు, కాల్షియం అడుగున పేరుకుంటుంది.

'లాక్టోజ్‌ఫ్రై' అని పక్క అరలో ఇంకో రకం ఉంది. అవి నిజం పాలే, పాల చక్కెరను, అదే లాక్టోజును, ముందే విరగ్గొట్టి పెడతారు. నీకు పడనిది ఆ చక్కెరే అయితే హాయిగా అవే తాగొచ్చు, ఓట్స్ నీళ్ళ గొడవే ఉండదు. పాల మాంసకృత్తే పడకపోతే మాత్రం వాటిని ముట్టుకోకూడదు, పాలపొడి గానీ 'మోల్కె' (పాలు విరిగిన నీళ్ళు) గానీ కలిసిన బిస్కెట్టు కూడా తినకూడదు. అక్కడ ఇలాంటివి పదార్థాల పట్టీలో లావు అక్షరాల్లో వేస్తారు కాబట్టి తేలిగ్గానే దొరుకుతాయి. అందుకే అడుగుతున్నా, నీకు ఈ రెంటిలో ఏది? ఉబ్బరమా, దద్దుర్లూ ఆయాసమా? శ్రీలత కొడుకుని అడిగితే "ఏమో ఆంటీ" అన్నాడు. (అడిగానులే. పెళ్ళి కుదిరింది కదా, శుభాకాంక్షలు చెబుదామని ఫోను చేశా.)

రమణమ్మ గుర్తుందా? కేంద్రం మన అరుగు మీద నడిచే రోజుల్లో రెండు పూటలా పోసేది. ఒక్కటే బర్రె, కానీ పాలలో వెన్న ఏడు శాతానికి తగ్గేది కాదు. ఒక శ్రావణమాసంలో ఉన్నట్టుండి ఐదుకి పడింది. మర్నాడూ అంతే. క్యాన్లు పట్టుకుని నిలబడ్డవాళ్ళు గుసగుసలు మొదలుపెట్టారు. కార్యదర్శి అయితే "నీళ్ళు కలిపిందమ్మా, తిప్పి పంపు" అన్నాడు. నేను మళ్ళీ వెన్న పరీక్ష పెట్టాను. గొట్టంలో పది మిల్లీలీటర్ల ఆసిడ్, దాని మీద అంచువారగా జారేట్టు పాలు, ఆపైన ఒక్క మిల్లీలీటరు ఆల్కహాలు, రబ్బరు బిరడా బిగించి, గుడ్డ చుట్టి ఊపితే చెయ్యి కాలిపోతుంది. నువ్వు ఆ గొట్టాల దగ్గరికొచ్చి ఎన్ని దెబ్బలు తిన్నావో. యంత్రంలో తిప్పి తీస్తే పచ్చటి వెన్న మళ్ళీ ఐదో గీత దగ్గరే నిలబడింది. అప్పుడు పాల సాంద్రత చూపే లాక్టోమీటరు వేశాను. నీళ్ళు కలిసిన పాలలో అది కిందికి దిగిపోతుంది. ఇక్కడ దిగలేదు సరికదా రోజూ కంటే కాస్త పైకే తేలింది. వెన్న తగ్గి లాక్టోమీటరు పైకి తేలితే అది నీళ్ళ పని కాదు, వెన్న ఎక్కడో ఆగిపోతోంది. కార్యదర్శికి చూపించాను. తల గోక్కుని ఊరుకున్నాడు.

సాయంత్రం వాళ్ళింటికి పోయాను. చెప్పదే! పీట వేసింది, మజ్జిగిచ్చింది, దాణా ధర చెప్పింది, కోడలి పుట్టింటి సంగతులన్నీ చెప్పింది. అసలు సంగతి తప్ప. లోపల మంచం మీద చిన్నవాడు మూలుగుతుంటే గానీ నాకు అర్థం కాలేదు. పిల్లాడికి విరేచనాలై తగ్గాయట, నీరసంగా ఉన్నాడని పితికేటప్పుడు చివర వచ్చే చిక్కటి పాలు వాడికి ఆపుతోంది. వెన్నంతా ఆ చివరి పాలలోనే కదా ఉండేది. ఆ ఇంట్లో పిల్లలు అంతకుముందు పాలు తాగి ఎరగరు, చుక్క మిగల్చకుండా కేంద్రానికే. ఇప్పుడు ప్రేమకొద్దీ పోస్తుంటే పొట్ట డప్పులా ఉబ్బి మళ్ళీ పరుగులు. మర్నాడు నేనే వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. విరేచనాలకి పేగు లోపలి పొర దెబ్బతిని, పాల చక్కెర అరిగే శక్తి కొన్నాళ్ళు పోయిందని, ఆ పొర బాగుపడేదాకా పాలు ఆపమని చెప్పాడు. గంజి, రాగిజావ, అరటిపండు మీద లేచి తిరిగాడు. రాగుల్లో నూరు గ్రాములకు 340 మిల్లీగ్రాముల పైనే కాల్షియం ఉంటుంది, అది మాత్రం నాకు తర్వాత తెలిసింది. రమణమ్మ వెన్న మళ్ళీ ఏడుకొచ్చింది. ఆ పిల్లాడు పాల జోలికి పోనేలేదు, ఇప్పుడు మన సబ్‌స్టేషన్‌లో లైన్‌మన్. స్తంభం ఎక్కుతుంటే చూడాలి వాడిని.

ఇదంతా ఎందుకు రాశానో మరి. నీ జూన్ జ్వరం గుర్తొచ్చింది, అంతే.

పెద్దయ్యాక పాల చక్కెర పడకపోవడం అసలు జబ్బే కాదట, లోకంలో మూడింట రెండొంతుల మంది అంతేనని మన డాక్టరమ్మ చెప్పింది. సరే, బాగుంది. మరి బరువెందుకు తగ్గావు? పోయినసారి వీడియోలో నువ్వు లేచి తలుపు తియ్యడానికి వెళ్ళినప్పుడు బెల్టు కొస జానెడు వేలాడుతోంది. పాలు మానితే అంత తగ్గుతారా? బ్రెడ్డు, చపాతీ తిన్న రోజున కూడా కడుపు అలాగే ఉంటోందా? గోధుమ పడనివాళ్ళకి కూడా ఒక్కోసారి పాలు పడకుండా పోతాయట. అదే అయితే ఓట్స్‌ కూడా గోధుమ కలవనివని రాసి ఉన్నవే కొనుక్కోవాలి. ఇన్సూరెన్సు కార్డు ఉందిగా, జేబులో పెట్టుకుని తిరగడానికా అది? అక్కడి ఇంటి డాక్టరు దగ్గర పేరు రాయించుకో. లాక్టోజు కలిపిన నీళ్ళు తాగించి, ఊపిరి ఊదించి హైడ్రోజన్ చూసే పరీక్ష ఉంది, సూది గుచ్చే పని కూడా లేదు. గోధుమకైతే రక్తం ఇవ్వాలి. ఆ పరీక్ష అయ్యేదాకా బ్రెడ్డు మానకు, మానితే అందులో ఏమీ తేలదు. డాక్టరు చెప్పకుండా నీ అంతట నువ్వు ఒక్కోటీ మానుకుంటూ పోకు. అక్కడ ఎండ కూడా చాలదు కాబట్టి విటమిన్ డి సంగతీ అడుగు. గుడ్లు తింటున్నావా?

పెరుగు లేనిదే నీకు ఆఖరి ముద్ద దిగదు, ఎలా తింటున్నావో ఏమో. సోయా, నీళ్ళు తప్ప ఏమీ కలపని డబ్బా తెచ్చి, గోరువెచ్చగా చేసి, కొట్లో దొరికే సోయా పెరుగు ఒక చెంచా కలిపి, రాత్రి వెచ్చటి చోట పెట్టు. తోడుకుంటుంది. ఓట్స్‌వి తోడు పెట్టకు, జిగురు తప్ప గడ్డ కట్టవు. అల్లం, కరివేపాకు వేసి పోపు పెడితే సోయా వాసన సగం పోతుంది. మిగతా సగం ఆవకాయ చూసుకుంటుంది. పండక్కి పాయసం చేసుకోవాలంటే ఆసియా కొట్లో కొబ్బరిపాల టిన్నులుంటాయి, బెల్లం వేసుకో, పాలు గుర్తే రావు.

పిన్ని సున్నుండలు కడతానంది. నేనే ఆపాను. నెయ్యి, కోవా, పాలపొడి ఏవీ బయటి దేశాల నుంచి రానివ్వరు, సంచిలో దొరికితే విమానాశ్రయంలోనే తీసేసుకుంటారు. అందుకని చిమ్మిలి దంచాను. నువ్వులు, బెల్లం, అంతే, నెయ్యి చుక్క లేదు. రోజుకో ఉండ తిను, స్నేహితులకి పంచి ఖాళీ చెయ్యకు. రాగులు కడిగి, ఆరబోసి, దోరగా వేయించి పట్టించిన పిండి రెండు కిలోలు వేరే సంచిలో ఉంది. జావలో ఓట్స్ నీళ్ళు పోసుకుంటావో మంచినీళ్ళు పోసుకుంటావో నీ ఇష్టం, ఉండలు మాత్రం కట్టనివ్వకు.

పరీక్ష కాగితం రాగానే ఫొటో తీసి నాకు పంపు. నాన్నకి పంపకు, తెల్లవార్లూ సెల్లులో వెతుకుతూ కూర్చుంటారు. ఆదివారం ఫోను చెయ్యి. కెమెరా మొహం మీద పెట్టుకోకు, ఫోను గోడకి ఆనించి దూరంగా నిలబడు, మనిషంతా కనబడాలి.

అమ్మ

తా.క. చిమ్మిలి డబ్బా మూత బిగుతుగా ఉంది. కత్తితో తియ్యకు, చెంచా కాడతో లేపు.