ఆ ఫోటోలో సోఫా నాది కాదు

కువైట్ నుంచి,

చెల్లికి అక్క రాయునది. నేనిక్కడ క్షేమం. అక్కడ నువ్వు, మరిది, పిల్లోడు, అమ్మ అందరూ బాగున్నారని తలుస్తాను. ఉగాదికి అమ్మ దేవుని కడపకు పోయిందా? పోయినేడు మోకాళ్ల నొప్పులని ఆగిపోయింది.

ఫోన్ ఉండగా ఉత్తరమేంది అనుకుంటావు. ఫోన్లో మాట్లాడితే అమ్మ స్పీకర్ పెట్టమంటుంది. ఇది అమ్మ వినే సంగతి కాదు. పక్క ఊరి ఆమె సెలవు మీద వస్తుంటే ఆమె చేతికిచ్చి పంపిస్తున్నా.

నువ్వు పాస్‌పోర్ట్ ఏజెంటుకు ఇచ్చావని మరిది చెప్పాడు. నీకు 26. ఇంటిపనికి ఈ దేశాలకు రావాలంటే మనలాంటి చదువు లేని ఆడవాళ్లకు 30 నిండాలని మన ప్రభుత్వం రూలు. అందుకే విజిట్ వీసా మీద దుబాయ్‌కి పంపి, అక్కడి నుంచి ఇక్కడికి తెప్పిస్తాడంట. అట్లా వస్తే నువ్వు పనికి వచ్చినట్టు మన దేశంలో ఎక్కడా రాసి ఉండదు. జీతం ఇంత అని కాగితం ఉండదు, ప్రవాసీ భారతీయ బీమా ఉండదు. చుట్టపుచూపుగా పోయింది అని ఉంటుంది, అంతే.

నీకీ ఆశ పుట్టింది నా వల్లే. తెల్ల సోఫాలో కూర్చుని నవ్వుతూ పంపిన ఫోటో ఉంది చూడు, దాన్ని నువ్వు ఊరంతా చూపించావు. ఆ రోజు ఇంట్లోవాళ్లు పెళ్లికి పోయారు. డ్రైవర్ ఫోన్ అడిగి తీసుకుని, ఒక్క నిమిషం కూర్చుని లేచాను. తర్వాత ఆ సోఫా మీద నా చీర ముడత కనిపిస్తుందేమోనని చేత్తో సర్దాను. వీడియో కాల్‌లో ఎడమ చేతి మీద మచ్చ చూసి అడిగితే నూనె చింది కాలిందన్నాను కదా. నూనె కాదు. ఇస్త్రీ పెట్టె.

నేను 2021లో దిగాను. ఎయిర్‌పోర్టులోనే ఆఫీసు మనిషి పాస్‌పోర్ట్ తీసుకున్నాడు. ఇక్కడి ఏజెన్సీని అందరం ఆఫీసే అంటాం. కడపలో ఏజెంటు నెలకు 100 దినార్లు అన్నాడు, ఇక్కడికొచ్చాక 70 అన్నారు. మూడంతస్తుల ఇల్లు, పదకొండు మంది, పనికి నేనొక్కదాన్ని. కసువు ఊడ్చి, బండలు తుడిచి, బోకులు తోమి పండుకునేసరికి రాత్రి ఒంటిగంట. రంజాన్‌లో సహరీ దాకా కన్ను మూసేది లేదు. శుక్రవారం వాళ్ల చెల్లెలి ఇంటి పని కూడా నాదే. వాషింగ్ మిషన్ పక్కన పరుపేశారు. వాళ్లు తిని వదిలేసిన మచ్బూస్ అన్నం తింటూ మన సంగటి, శెనక్కాయల ఊరుబిండి తలుచుకునేదాన్ని. ఐదు నెలలు ఆ 70 కూడా ఇవ్వలేదు. అడిగితే మేడమ్‌ది ఒకటే మాట, నీకోసం ఆఫీసుకు డబ్బు కట్టాను, పోవాలంటే అది కట్టి పో అని. సంతలో ఎద్దును కొన్నోడు కూడా వేళకు మేత వేస్తాడమ్మా.

చేయి కాలిన మూడోరోజు చెత్త పారేయడానికి పోయి, సంచి అక్కడే పెట్టి రోడ్డెక్కాను. ఒక బెంగాలీ టాక్సీ అతను డబ్బు తీసుకోకుండా మన ఎంబసీ దగ్గర దించాడు. వాళ్ల షెల్టర్‌లో చూస్తే సగం మంది మన రాయచోటి, రాజంపేట వాళ్లే, మిగిలినోళ్లు గోదావరి జిల్లాలోళ్లు. అప్పటికే కఫీల్, అంటే నన్ను వీసా మీద తెప్పించుకున్న యజమాని, నా మీద పారిపోయిందని కేసు పెట్టేశాడు. జీతం బాకీ ఉన్నది వాళ్లు, దొంగను నేను. ఆ కేసు పడితే అకామా, అంటే ఇక్కడ ఉండే అనుమతి, పోతుంది, ఇక బయట ఖల్లివెల్లిగా, అంటే కాగితాలు లేని మనిషిగా, దాక్కుని బతకాల్సిందే.

షెల్టర్‌లో ఇంటర్ చదివిన ఒకమ్మాయి చెప్పింది. కువైట్‌లో ఇంటిపని వాళ్లకు 2015లోనే చట్టం వచ్చిందంట. రోజుకు 12 గంటలు దాటకూడదు, వారానికో రోజు సెలవు, ఏడాదికి 30 రోజులు జీతంతో సెలవు, పాస్‌పోర్ట్ యజమాని దాచుకోకూడదు. మరుసటి ఏడాది జీతం 60 దినార్లకు తగ్గకూడదని కూడా పెట్టారు. నేను దిగేనాటికే ఇవన్నీ ఉన్నాయి. నాకు చెప్పినోడు లేడు. చెప్పినా ఏం చేసేదాన్ని? కంపెనీ అయితే ఎవరో ఒకరు తనిఖీకి వస్తారు, ఇల్లయితే తలుపేసుకుంటే అయిపోయింది. 2018లో ఫిలిప్పీన్స్ అమ్మాయి శవం ఇక్కడ ఫ్రీజర్‌లో దొరికితే వాళ్ల ప్రభుత్వం మనుషుల్ని పంపడమే ఆపేసింది. పాస్‌పోర్ట్, ఫోన్ పనిమనిషి దగ్గరే ఉండేట్టు రాయించుకున్నాకే మళ్లీ పంపింది. అట్లా గట్టిగా అడిగేవాళ్లు వెనకుండాలి.

రెండు నెలలు తిరిగితే ఐదు నెలల జీతంలో మూడు నెలలది వచ్చింది, ఇంకో ఇంటికి మార్చారు. ఇప్పుడున్నోళ్లు మంచోళ్లు. 110 దినార్లు, శుక్రవారం సెలవు, పాస్‌పోర్ట్ నా పెట్టెలోనే ఉంది. అందరూ చెడ్డోళ్లని నేను రాయను, రాస్తే పాపం. కానీ ఏ తలుపు వెనక ఎవరుంటారో ఎక్కే ముందు నీకు తెలియదు.

బోరు అప్పు సంగతి నాకు తెలుసు. నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే ఎవరికైనా నిద్ర పట్టదు. నెలకు పదివేలు నేను పంపిస్తా, ముందు ఆ వడ్డీ ఆపండి. రేపే మరిదిని తోడు తీసుకుని పోయి పాస్‌పోర్ట్ వెనక్కి తెచ్చుకో. అడ్వాన్స్ పోతే పోనీ. లైసెన్సున్న ఏజెంటే జీఎస్టీ కాక 30,000 మించి తీసుకోకూడదు, ఇతను లక్షా ఇరవై వేలు అడిగాడంటే అర్థం చేసుకో. 30 నిండాక కూడా రావాలనిపిస్తే విదేశాలకు పనికి పంపే సంస్థ మన రాష్ట్ర ప్రభుత్వానిదే ఓంకాప్ అని ఉంది, అక్కడ అడుగు. జీతం, ఇంటివాళ్ల పేరు, అడ్రస్ కాగితం మీద చూసుకుని, దాని ఫోటో నాకు పంపి ఎక్కు.

ఇది చదివాక పొయ్యిలో పెట్టేయ్. కవర్లో ఇంకో కాగితం ఉంది, అందులో అంతా బాగుందని రాశాను. అది అమ్మకు చదివి వినిపించు.

మీ అక్క