దెబ్బకు తాగుడే కారణమా?

సంపాదకుల వారికి నమస్కారం.

భార్యపై భర్త దాడి చేసిన వార్త జిల్లా పేజీల్లో వచ్చిన ప్రతిసారీ మద్యం మత్తు, అనుమానం, క్షణికావేశం అనే మూడింటిలో ఏదో ఒకటి కారణంగా కనిపిస్తుంది. అవి అబద్ధాలని నేను అనడం లేదు. బెల్టు షాపు వచ్చాక ఇంట్లో మనశ్శాంతి పోయిందని మా నర్సంపేట చుట్టుపక్కల ఊళ్లలో ఎందరో ఆడవాళ్లు చెబుతారు. తరచూ తాగే భర్తల ఇళ్లలో హింస ఎక్కువని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే కూడా చూపింది. అయితే చుక్క ముట్టనివాళ్లూ కొడుతున్నారు, రోజూ తాగినా చేయి ఎత్తనివాళ్లూ ఉన్నారు. మగవాడు ఎందుకు కొడతాడన్న ప్రశ్నను సీసా దగ్గరే ఆపేయడం సరికాదని నా విన్నపం.

కోపం ఆపుకోలేకపోయానన్న మాటనే తీసుకుందాం. ఏనుమాముల మార్కెట్‌లో పత్తికి తేమ ఎక్కువుందని ధర కోసి, పదిమందిలో కసిరినా, లోపల ఎంత మండినా, రైతు అడ్తిదారు మీద చేయి చేసుకోడు. హనుమకొండలో నెల జీతం తీసుకునే ఉద్యోగి పై అధికారి ముందు నిలబడే తీరూ ఇంతే. వీళ్లలోనే కొందరు రాత్రి కూరలో ఉప్పు తక్కువైందని కంచం విసిరి భార్య జుట్టు పట్టుకుంటారు. తలుపు గడియ పెట్టి, టీవీ సౌండు పెంచి, చీర కప్పే చోట చూసి కొట్టినవాడు ఒళ్లు తెలియలేదంటే నమ్మడమెలా? కోపం ఎవరి మీదనైనా వస్తుంది, చేయి మాత్రం అడిగేవాళ్లు లేని చోటే లేస్తుంది.

ఆ ధీమా ఇచ్చింది మనమే. 2019-21 నాటి అదే కుటుంబ ఆరోగ్య సర్వేలో, మన తెలంగాణలో నూటికి 84 మంది దాకా మహిళలు, అత్తమామలను గౌరవించకపోవడం, చెప్పకుండా బయటికి వెళ్లడం, వంట సరిగా చేయకపోవడం వంటి కారణాల్లో కనీసం ఒకదానికి భర్త కొట్టడం సబబేనన్నారు. ఆడవాళ్లే ఒప్పుకుంటున్నారు కదా అని దీన్ని చూపి వాదించేవాళ్లను చూస్తే నాకు బాధ కలుగుతుంది. రాత్రి దెబ్బలు తిన్న తల్లి తెల్లవారి ఏమీ జరగనట్టు వాకిలి ఊడవడం చూస్తూ పెరిగిన బిడ్డ ఇంకే జవాబు చెబుతుంది? ఆ ఇంట్లోనే పెరిగిన కొడుకు, నాయనకు ఇంట్లో తిండీ తగ్గలేదు, ఊళ్లో మర్యాదా తగ్గలేదని గమనిస్తాడు.

పెద్దమనుషుల పంచాయితీలు నేను దగ్గర నుంచి చూసినదాన్ని. అల్లుడికి కుర్చీ వేస్తారు, అమ్మాయి స్తంభం పక్కన నిలబడుతుంది. మొదటి ప్రశ్న ఆమెకే: "ఏం జేసినవ్ బిడ్డా, ఆయనకు గంత కోపమెందుకచ్చింది?" ఆమె చెప్పేది సగంలో ఉండగానే, "మొగోడన్నంక ఒక దెబ్బ ఏస్తడు, ఓర్సుకోవాలె" అంటారు. చెల్లెలి పెళ్లి ఆగిపోతుందన్న భయంతో తల్లిదండ్రులు తలూపుతారు. అతన్ని ఎందుకు కొట్టావని అడిగినవారు నాకు కనబడలేదు. పంచాయితీకి ఈడ్చినందుకు ఆమె ఇంటికి వెళ్లాక మరో రెండు దెబ్బలు తింటుంది.

కారణం వెతకడమంటే నేరాన్ని మన్నించడం కాదు. గృహహింస నిరోధక చట్టం 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉంది; హింసకు పాల్పడవద్దని మెజిస్ట్రేట్ ఇచ్చే రక్షణ ఉత్తర్వును ఉల్లంఘిస్తే ఏడాది వరకు జైలు, 20,000 రూపాయల వరకు జరిమానా పడవచ్చు. ఆ శిక్ష పడాల్సిందే. అయితే ఆ చట్టంలోని 14వ సెక్షన్ కింద మెజిస్ట్రేట్ ఇద్దరినీ కలిపిగానీ, ఒక్కరినే విడిగా గానీ కౌన్సెలింగ్‌కు పంపవచ్చు. భార్యాభర్తలను పక్కపక్కన కూర్చోబెట్టి సర్దుకుపొమ్మంటే, సాయంత్రం అతనితోనే ఇంటికి పోవలసిన మనిషి నోరు విప్పదు. కొట్టినవాణ్ని విడిగా, వారాల తరబడి పిలిచి మాట్లాడే ఏర్పాటు మన జిల్లాల్లో జరగాలి. మహిళల సహాయ నంబరు 181, సఖి కేంద్రాలు దెబ్బ తిన్న మనిషికి ఆసరాగా ఉన్నాయి. దెబ్బ కొట్టినవాడి జోలికి వెళ్లే పనికి ఈ చట్టం కింద నియమితులైన రక్షణ అధికారులు, న్యాయ సేవాధికార సంస్థలు కలిసి పూనుకోవాలి. ఎనిమిది, తొమ్మిది తరగతుల అబ్బాయిలతో ఈ విషయం బడిలోనే మాట్లాడాలి.

మీ విలేకరులకు కూడా ఒక మనవి. ఇకపై ఇలాంటి వార్త రాసేటప్పుడు అతను తాగి ఉన్నాడా అన్నదానితో పాటు, అంతకుముందు ఎన్ని పంచాయితీలు జరిగాయో, ఆమెను వెనక్కి పంపినవారు ఏ హామీ ఇచ్చి పంపారో, రక్షణ ఉత్తర్వు కోసం ఎవరైనా దరఖాస్తు పెట్టారో లేదో కూడా అడిగి రాయించండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
నర్సంపేట, వరంగల్ జిల్లా.