మంచినీటి పైపుల నాణ్యతపై ఇంజినీరు గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన నీటి సరఫరా ఇంజినీరు గారికి,

నెల్లూరు జిల్లా ఉదయగిరి ప్రాంతంలోని మా ఊరికి కొత్తగా వేసిన పీవీసీ (ఒక రకం ప్లాస్టిక్) పైపుల గురించి ఇచ్చిన అర్జీలకు సమాధానం రాకపోవడంతో, నలుగురి ఎదుట ఈ లేఖ రాయవలసి వచ్చింది.

పీవీసీ రెజిన్‌ను, అంటే ముడి ప్లాస్టిక్‌ను, నేరుగా పైపుగా మలచలేరు; వేడికి అది విచ్ఛిన్నమై హైడ్రోజన్ క్లోరైడ్ వాయువును వదులుతుంది. అందుకే వేడికి చెడకుండా కాపాడే స్టెబిలైజరు, కాల్షియం కార్బొనేట్ పొడి, రంగు వంటివి కలిపి కాంపౌండు అనే మిశ్రమం తయారుచేస్తారు. పొడి మితిమీరితే పైపు పెళుసవుతుంది. ట్రాక్టరు వెళ్లిన చోటల్లా పగులుతున్న మా పైపులను చూస్తే నాకు ఆ అనుమానమే కలుగుతోంది. పగుళ్లలోంచి మురుగు చేరిన నీటినే బాలింతలు, వృద్ధులు తాగుతున్నారు. స్తోమత ఉన్నవారు క్యాన్లు కొనుక్కుంటున్నారు, అది వేరే సంగతి.

అంతకంటే భయపెట్టేది సీసం. సీసపు స్టెబిలైజరు వాడిన పైపు నుంచి అది నీటిలోకి దిగగలదు. రంగూ రుచీ తెలియనివ్వకుండానే పసిపిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. ఈ కారణంగానే కేంద్ర ప్రభుత్వం పీవీసీ పైపుల్లో దాని వాడకంపై 2021లో ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. తాగునీటి పైపులకు ఉండవలసిన ఐఎస్ 4985 అనే భారతీయ ప్రమాణపు ముద్ర మా పైపుల మీద ఎక్కడా కనిపించలేదు.

కనుక గ్రామస్థుల సమక్షంలో పైపుల, నీటి నమూనాలు సేకరించి, గుర్తింపు పొందిన ప్రయోగశాలలో సీసం, కాల్షియం కార్బొనేట్ పొడి శాతం పరీక్షించి, ఫలితాలను పంచాయతీ కార్యాలయం వద్ద ప్రకటించవలసిందిగా కోరుతున్నాము. అంతవరకు ట్యాంకర్లతో నీరు అందించాలి. లోపం తేలితే గుత్తేదారు ఖర్చుతోనే పైపులు మార్పించాలి.

ఇట్లు,
గ్రామస్థుల తరఫున ఒక నీటి వినియోగదారు