ఏడ్చిన కెప్టెన్, చిటపటల కెప్టెన్

హైదరాబాద్,
2024 నవంబరు 6.

ఒరేయ్ రమణా,

నిన్న రాత్రి నువ్వు ఫోను పెట్టేశాక కూడా చెవిలో నీ గొంతే గింగురుమంటూ ఉంది. ముంబై వాంఖడేలో మనవాళ్ళు 147 కొట్టలేక 121కే చాప చుట్టేశారన్న కడుపుమంట నాకూ ఉందిరా. బెంగళూరులో 46కి ఆలౌటైన రోజు నాకు అన్నం సహించలేదు. 12 ఏళ్ళుగా సొంతగడ్డ మీద సిరీస్ ఓడని జట్టు, న్యూజిలాండ్‌కి మూడుకి మూడూ అప్పజెప్పేస్తే ఎవరికి మండదు? కానీ నువ్వు ముప్పావుగంట సేపు ఒకటే పాట. "కెప్టెన్‌కి మెంటల్ స్ట్రెంగ్త్ లేదు, అంతే." ఫోన్లో నిన్ను ఆపడం మీ ఆవిడ వల్లే కాదు, ఇక నావల్ల ఏమవుతుంది! అందుకే కాగితం తీశాను. ఉత్తరంలో అయితే మధ్యలో అడ్డురాలేవు కదా.

నువ్వు ఆ మాట అన్నప్పుడల్లా నాకు అప్పటి ఆస్ట్రేలియా కెప్టెన్ కిమ్ హ్యూస్ గుర్తొస్తాడు. 1984 నవంబరు 26, బ్రిస్బేన్. వెస్టిండీస్ చేతిలో పెర్త్‌లో ఇన్నింగ్స్ 112 పరుగుల తేడాతో, బ్రిస్బేన్‌లో 8 వికెట్ల తేడాతో ఓడాక విలేఖరుల ముందు కూర్చుని రాజీనామా కాగితం చదవబోయాడు. సగంలో గొంతు పూడుకుపోయింది. కళ్ళనీళ్ళతో కాగితాన్ని పక్కనున్న మేనేజర్ బాబ్ మెరిమన్ చేతిలో పెట్టి లేచి వెళ్ళిపోయాడు. మిగతాది మెరిమనే చదివాడు. ఆ తర్వాత హ్యూస్ రెండు టెస్టులు ఆడాడు. స్కోర్లు 0, 2, 0, 0. అంతటితో అతని టెస్టు జీవితం ముగిసింది.

పిరికివాడు, ఏడుపుగొట్టు అని ముద్ర వేసేశారు. సరే, అంతకు మూడేళ్ళ ముందు మెల్‌బోర్న్‌లో ఏం జరిగిందో విను. ఎదురుగా అదే వెస్టిండీస్. హోల్డింగ్, రాబర్ట్స్, గార్నర్, క్రాఫ్ట్, నలుగురూ భయపెట్టే ఫాస్ట్ బౌలర్లు. స్కోరు 30 దాటకముందే 4 వికెట్లు పడ్డాయి. జట్టు మొత్తం కలిపి 198 చేస్తే అందులో సరిగ్గా 100 హ్యూస్‌వి, అదీ నాటౌట్. ఆస్ట్రేలియా ఆ మ్యాచ్ గెలిచింది కూడా. చెప్పు, ఆ రోజు ఉన్న గుండె ధైర్యం 1984కల్లా ఎక్కడికి పోయింది? ఆ మెల్‌బోర్న్ టెస్టుకి కెప్టెన్ హ్యూస్ కాదురా, గ్రెగ్ చాపెల్. బ్యాటు పట్టుకుని నిలబడితే చాలు.

కెప్టెన్‌గా ఉన్న రోజుల కథ వేరు. జట్టులో ఇద్దరు కొమ్ములు తిరిగినవాళ్ళు, డెన్నిస్ లిల్లీ, రాడ్ మార్ష్. ఆ కుర్చీ మార్ష్‌దని ఇద్దరి లెక్క. 1981లో హెడింగ్లీలో ఆస్ట్రేలియా మీద ఇంగ్లండ్ ఓటమి అంచున ఉన్నప్పుడు బుకీలు ఇంగ్లండ్ గెలిస్తే పౌండుకి 500 ఇస్తామని రేటు పెడితే, లిల్లీ 10 పౌండ్లు, మార్ష్ 5 పౌండ్లు ఇంగ్లండ్ గెలుస్తుందని కట్టారు. సరదాకే కట్టామన్నారు, మ్యాచ్ అమ్ముకున్నారని ఎవరూ అనలేదు, నేనూ అనను. కానీ బోథమ్ కొట్టిన 149తో ఇంగ్లండ్ నిజంగానే 18 పరుగులతో గెలిచింది. ఆ రాత్రి కెప్టెన్ హ్యూస్ ఏ ముఖం పెట్టుకుని డ్రెస్సింగ్ రూమ్‌లో కూర్చుని ఉంటాడో ఆలోచించు. 1984 మొదట్లో చాపెల్, లిల్లీ, మార్ష్ ముగ్గురూ ఒకే టెస్టుతో రిటైరైపోయారు. పోరు తగ్గింది, దాంతోపాటు జట్టులో బలమూ పోయింది. మిగిలిన కుర్రాళ్ళతో నేరుగా వెస్టిండీస్ మీదికి!

నీకెప్పుడూ చెప్పలేదు గానీ, నన్ను మొదటిసారి మేనేజరుగా వేసిన బ్రాంచిలో నాకూ ఇలాంటిదే జరిగింది. నాకన్నా పదేళ్ళు పెద్దవాళ్ళు ఇద్దరు ఉండేవారు. పల్లెత్తు మాట అనేవాళ్ళు కాదు. అడిగినదానికి జవాబు చెప్పేవాళ్ళు, అడగనిది చెప్పేవాళ్ళు కాదు, అంతే. ఆడిట్ రోజు, నాకు ఉందని కూడా తెలియని ఒక రిజిస్టరు బయటపడింది. ఆ సాయంత్రం బాత్రూమ్‌లో కొళాయి తిప్పి మరీ ఏడ్చానురా. అదే నేను అంతకుముందు పాత బ్రాంచిలో క్యాషు తేడా వచ్చిన రాత్రి పదకొండింటి దాకా నిబ్బరంగా కూర్చుని లెక్క తేల్చినవాణ్ణి. ఇప్పుడు చెప్పు, నాకు మెంటల్ స్ట్రెంగ్త్ ఉన్నట్టా, లేనట్టా?

సరే, హ్యూస్ తర్వాత వచ్చినవాడు నీ దేవుడు అలన్ బోర్డర్. ఆ పదవి తనకు వద్దనే అనుకున్నాడు పాపం. ఏమైనా వచ్చీరాగానే అద్భుతం చేశాడా? 1985లో ఇంగ్లండ్ వెళ్ళి, ఆ రెండు దేశాల మధ్య జరిగే యాషెస్ సిరీస్ 3-1తో ఓడాడు. తను మాత్రం 597 పరుగులు చేశాడు, లార్డ్స్‌లో 196. తర్వాత న్యూజిలాండ్‌తో సొంతగడ్డ మీదే సిరీస్ పోయింది. బ్రిస్బేన్‌లో ఒక్క ఇన్నింగ్స్‌లోనే వాళ్ళ బౌలర్ హాడ్లీ 9 వికెట్లు తీశాడు. అదే సమయంలో హ్యూస్ నాయకత్వంలో కొంతమంది, వర్ణవివక్ష వల్ల పెట్టిన నిషేధాన్ని లెక్కచెయ్యకుండా దక్షిణాఫ్రికాకి ఆడటానికి వెళ్ళిపోయారు. 1986 మార్చిలో న్యూజిలాండ్ టూర్‌లో బోర్డర్‌కి విసుగు పుట్టి, మీరు ఇలాగే ఆడితే నేను తప్పుకుంటానని అనేశాడు. అంటే వీడికీ గొంతుదాకా వచ్చిందన్నమాట. తేడా ఏమిటంటే, వీడి వెనక మనుషులున్నారు. బాబ్ సింప్సన్‌ని కోచ్‌గా తెచ్చారు. ఆయన 41 ఏళ్ళ వయసులో తిరిగొచ్చి, ఆటగాళ్ళని కెర్రీ ప్యాకర్ తన సొంత పోటీలకి లాగేసుకున్న గొడవలో ఖాళీ అయిన జట్టుని నడిపినవాడు. రోజంతా క్యాచ్‌లే క్యాచ్‌లు పట్టించేవాడట. బోర్డర్ మోసే బరువులో సగం ఆయన భుజాలకెత్తుకున్నాడు.

ఇక మన మద్రాసు సంగతి. 1986 సెప్టెంబరు 21, ఆదివారం, ఆస్ట్రేలియాతో మన టెస్టు నాలుగో రోజు. తెల్లారుజామున నెల్లూరులో రైలెక్కి చెపాక్ వెళ్ళాం, గుర్తుందా? బకింగ్‌హామ్ కాలువ కంపు, పైన ఎండ, నీ టిఫిన్ క్యారేజీలో పులిహోర. కపిల్ సెంచరీ కొట్టి 119 చేశాడని నువ్వు కండువా గాల్లోకి విసిరావు, అది కింది వరసలో ఎవరి తల మీదో పడింది. ఆ ఎండలో గ్రెగ్ మాథ్యూస్ స్వెట్టర్ వేసుకుని బౌలింగ్ చేస్తుంటే మనం పడీపడీ నవ్వాం. సాయంత్రానికి ఆస్ట్రేలియా 170కి 5. "ఇది డ్రా రా, రేపు కాలేజీ ఎగ్గొట్టి ఈ ఎండలో ఎందుకు చావాలి" అన్నది ఎవరు? నువ్వే! రాత్రి రైలుకే వచ్చేశాం.

సోమవారం పొద్దున్నే బోర్డర్ ఆ స్కోరు మీదే డిక్లేర్ చేసి, మనకు 348 లక్ష్యం పెట్టాడు. అప్పటికి వరసగా ఏడు టెస్టులు గెలుపు మొహం చూడని కెప్టెన్! డ్రా చేసుకుని పరువు నిలబెట్టుకుంటే ఎవరూ ఏమీ అనరు. ఓడినా ఫర్వాలేదని, బల్ల మీద డబ్బు పెట్టినట్టు తెగించాడు. నన్నడిగితే ధైర్యమంటే అది, నువ్వు ఎప్పుడూ చెప్పే ఆ డీన్ జోన్స్ కథ కాదు.

జోన్స్ కథ నాకు మొదట్నుంచీ మింగుడు పడదు. అదే మ్యాచ్‌లో, ఆస్ట్రేలియా మొదటి ఇన్నింగ్స్‌లో, ఆ ఎండకి వాంతులు చేసుకుంటూ, ఒళ్ళు తెలియకుండా ఆడుతున్నాడు. ఇక నావల్ల కాదంటే, విక్టోరియా రాష్ట్రం వాడివి నీవల్ల కాకపోతే ఒక గట్టి క్వీన్స్‌లాండ్ రాష్ట్రం వాణ్ణి పిలుచుకుంటానని బోర్డర్ రెచ్చగొట్టాడట. జోన్స్ 210 చేసి ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించుకున్నాడు. అందరూ దాన్ని వీరగాథలా చెప్పుకుంటారు. అదృష్టం బాగుండి గట్టెక్కాడు గానీ, ఆ రోజు ఏదైనా అయ్యుంటే బోర్డర్‌ని ఏమనేవాళ్ళం? ఇవాళైతే డాక్టరు వచ్చి చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళిపోతాడు.

సరే, చివరి గంట నీకు తెలియనిదా. టీ కొట్టు రేడియో దగ్గర మన హైదరాబాద్ శివలాల్ యాదవ్ సిక్సర్ కొట్టాడని నువ్వు గంతులేశావు. అతను అవుటయ్యాడు. శాస్త్రి సింగిల్ తీశాక స్కోర్లు సమం. మణిందర్ ఎల్బీడబ్ల్యూ, ఇంకా ఒక్క బంతి మిగిలుండగా. 347 ఆలౌట్. మాథ్యూస్ అప్పటికి 39.5 ఓవర్లు వేశాడు, అదే స్వెట్టర్‌తో. టెస్టు చరిత్రలో రెండో టై మ్యాచ్ అది. ముందు రాత్రే కంపార్ట్‌మెంట్‌లో పల్లీలు నములుతూ దాని నుంచి దూరంగా వచ్చేశాం మనం. తప్పు నీదైనా రెండు రోజులు నాతో మాట్లాడలేదు నువ్వు.

అయినా ఆ టైతో వాళ్ళ దశ ఏమీ తిరిగిపోలేదు. మళ్ళీ యాషెస్ ఓడారు, ఈసారి సొంత ఇంట్లో. మొత్తం 14 టెస్టులు గెలుపు లేకుండా గడిచాక సిడ్నీలో ఒకటి దక్కింది. అన్నాళ్ళు మనవాళ్ళైతే ఎంతమంది కెప్టెన్లను మార్చేవాళ్ళు? సెలెక్టర్లు బోర్డర్‌ని కదపలేదు. స్టీవ్ వాకి మొదటి సెంచరీ 27వ టెస్టులో గానీ రాలేదు, అతన్నీ ఉంచారు. అది 1989 యాషెస్, హెడింగ్లీ. ఆ సిరీస్ ఆస్ట్రేలియా 4-0తో గెలిచింది. దక్షిణాఫ్రికా వెళ్ళి నిషేధం అనుభవించి వచ్చిన ఆల్డర్‌మన్ 41 వికెట్లు తీశాడు.

కానీ బోర్డర్ మనిషి మారిపోయాడురా. 1985లో ఇంగ్లండ్ కెప్టెన్ గోవర్‌తో నవ్వుతూ కబుర్లు చెప్పినవాడు 1989లో పలకరింపు కూడా మానేశాడు. దాహమేస్తోంది, గ్లాసు నీళ్ళు తెప్పించుకోనా అని ఇంగ్లండ్ బ్యాటర్ రాబిన్ స్మిత్ అడిగితే, ఇదేమైనా టీ పార్టీ అనుకున్నావా అని బూతు జోడించి కసిరాడు. చిటపటల కెప్టెన్ అని పేరే పెట్టారు. గెలవడానికి అంత గట్టిపడాలా? పడాల్సిన అవసరం లేదని నా అభిప్రాయం. 41 వికెట్లు నీళ్ళు ఇవ్వనందుకు రాలేదు కదా. నువ్వు ఒప్పుకోవు, తెలుసు.

సరే, చెయ్యి నొప్పెడుతోంది. 22న పెర్త్‌లో ఆస్ట్రేలియాతో మనవాళ్ళ టెస్టు మొదలు, పొద్దున 7:50కి. 21 రాత్రికే ఇక్కడికి వచ్చెయ్. మా ఆవిడ పులిహోర చేస్తానంది. ఒక్క షరతు. నాలుగో రోజు సాయంత్రం "ఇది డ్రా రా" అని రైలెక్కేటట్టయితే మాత్రం అసలు రావద్దు.

నీ
శీను