పాత కారు సర్వీసు: ప్రతి పద్దుకూ ఆధారం చూపించాలి

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రికలో వాహనాల పేజీ వచ్చిన ప్రతిసారీ చదువుతాను. కొత్త మోడళ్లు, వాటి రంగులు, లోపల ఎంత పెద్ద స్క్రీన్ పెట్టారు, ఇవన్నీ వివరంగా ఉంటాయి. లక్షన్నర కిలోమీటర్లు తిరిగిన కారును ఇంకో ఐదారేళ్లు జాగ్రత్తగా నడుపుకుందామనుకునే మాలాంటి వాళ్లకు పనికొచ్చే ముక్క మాత్రం కనిపించదు. ఈ ఉత్తరం దాని గురించే. కాస్త పొడవైంది, ఓపికగా చదవమని మనవి.

మా కారుకు 12 ఏళ్లు. రీడింగ్ 1,62,000. పెట్రోలు బండి, మామూలు గేర్లు. నేను అకౌంట్స్‌లో పనిచేసి మూడున్నరేళ్ల కిందట రిటైరయ్యాను. సర్వీసు చివరి పదేళ్లు బిల్లులు తనిఖీ చేయడమే నా పని. ఒక పద్దు రాశారంటే దానికి ఆధారం చూపించాలి, లేకపోతే సంతకం పెట్టేదాన్ని కాదు.

పోయిన నెల కారును సర్వీసుకు తీసుకెళ్లాను. అక్కడ బండి తీసుకుని పనుల జాబితా రాసే అడ్వైజర్ రీడింగ్ కంప్యూటర్లో కొట్టాడు. బానెట్ ఎత్తలేదు, కారు చుట్టూ ఒకసారి తిరిగి కూడా చూడలేదు. 14 పద్దుల జాబితా ప్రింటు తీసి చేతిలో పెట్టాడు. ఇంజిన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్, ఎయిర్ ఫిల్టర్, ఏసీ ఫిల్టర్, స్పార్క్ ప్లగ్గులు, కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం), గేర్ ఆయిల్, ఇంజిన్ ఫ్లష్ (లోపలి మడ్డిని మందుతో కడగడం), ఇంజెక్టర్ (పెట్రోలు చిమ్మే భాగం) క్లీనింగ్, త్రాటిల్ బాడీ (ఇంజిన్‌లోకి గాలి వెళ్లే దారి) క్లీనింగ్, డీకార్బనైజింగ్ (ఇంజిన్ లోపలి మసి తీయడం), ఏసీ శుద్ధి, కారు అడుగున కోటింగ్, వీల్ అలైన్‌మెంట్. "ఇంత తిరిగిన బండికి ఇవన్నీ తప్పనిసరి మేడమ్" అన్నాడు. అబ్బాయి మర్యాదస్తుడే. కానీ 14కీ 14 ఒకే అక్షరాల్లో, ఒకే వరసలో ఉన్నాయి. ఏది చేయించకపోతే ఇంజిన్ పోతుందో, ఏది చేయించకపోయినా ఏమీ కాదో ఆ కాగితం చూసి ఎవరూ చెప్పలేరు.

ఇలాంటి కాగితమే ఆరేళ్ల కిందట నాకు ఇంజిన్ మీదకు తెచ్చింది.

అప్పుడు రీడింగ్ 90 వేలు. అది వేరే సర్వీసు సెంటరు. ఆ జాబితాలోనూ ఫ్లష్‌లు, క్లీనింగ్‌లు, కోటింగ్‌లు చాలా ఉన్నాయి. వాటి మధ్యలో ఎక్కడో 'టైమింగ్ బెల్ట్ సెట్' అని ఒక పద్దు. మొత్తం చూసేసరికి నాకు ఒళ్లు మండింది. బండి బాగానే నడుస్తోంది కదా, అన్నీ అంటగడుతున్నారనుకుని, "ఆయిల్ మార్చి ఇచ్చేయండి చాలు" అన్నాను. ఆ అడ్వైజర్ కూడా మారు మాట్లాడలేదు. "మిగతావి వదిలేయండి, ఇది మాత్రం వదలకండి" అని ఒక్క మాట అని ఉంటే వినేదాన్ని.

1,08,000 దగ్గర, మామూలు వేగంతో వెళ్తుండగా ఇంజిన్ ఆగిపోయింది. పెద్ద శబ్దం లేదు, పొగ లేదు. తాళం తిప్పితే స్టార్టరు ఎప్పటికన్నా తేలిగ్గా, గిరగిరా తిరిగింది, ఇంజిన్ మాత్రం అందుకోలేదు. ఇంజిన్ విప్పిన మెకానిక్ తీసిన బెల్టును నా చేతికిచ్చాడు. పైనుంచి చూస్తే నల్లగా, కొత్తదానిలాగే ఉంది. "వెనక్కి వంచి చూడండమ్మా" అన్నాడు. వంచితే పళ్ల మొదళ్లలో వెంట్రుకవాసి పగుళ్లు. ఒకచోట పళ్లు వరసగా ఊడిపోయి, అరచేతిలా నున్నగా అయిపోయింది. పిస్టన్లను తిప్పే ఇరుసుకూ, వాల్వులను తెరిచి మూసే ఇరుసుకూ లంకె ఆ బెల్టే. మా ఇంజిన్‌లో అది జారితే వాల్వు తెరుచుకుని ఉండగానే పిస్టన్ పైకి వచ్చి గుద్దేస్తుంది. అలాగే గుద్దింది. ఎనిమిది వాల్వులు వంగిపోయాయి.

ఇంటికొచ్చి డాష్‌బోర్డు పెట్టెలో ప్లాస్టిక్ కవరు కూడా విప్పని ఓనర్స్ మాన్యువల్ తీశాను. మెయింటెనెన్స్ పట్టికలో స్పష్టంగా ఉంది: టైమింగ్ బెల్ట్, 90 వేల కిలోమీటర్లు లేదా ఆరేళ్లు, ఏది ముందైతే అది. ఊరూపేరూ లేని పద్దుల మీద కోపంతో అసలైన పద్దు కొట్టేశాను. నాలాగే కొట్టేసేవాళ్లు చాలామంది ఉంటారు. అనవసరమైనవి అంటగట్టడంలో పెద్ద నష్టం డబ్బు కాదు, అవసరమైనది చెప్పినా ఎవరూ నమ్మకపోవడం.

అప్పటి నుంచి ఒక నోటుబుక్కు పెట్టాను. తేదీ, రీడింగ్, మార్చిన వస్తువు, మళ్లీ మార్చాల్సిన రీడింగ్, మళ్లీ మార్చాల్సిన తేదీ. ఆ చివరి రెండు గడులూ ముఖ్యం. అందరం కిలోమీటర్లే చూస్తాం. మాన్యువల్ మాత్రం దాదాపు ప్రతి పద్దు పక్కనా నెలల్లోనో ఏళ్లలోనో గడువు కూడా రాస్తుంది, ఎందుకంటే రబ్బరు, కూలెంట్, బ్రేక్ ఆయిల్ బండి కదలకపోయినా ముసలివవుతాయి. ఆ పట్టిక పక్కనే ఇంకో పట్టిక ఉంటుంది, చాలామంది అది తిరగెయ్యరు. దుమ్ములో, ఎండలో, ఆగుతూ సాగే ట్రాఫిక్‌లో, రోజూ నాలుగైదు కిలోమీటర్ల చిన్న చిన్న ప్రయాణాల్లో వాడే బండ్లకు గడువులు తగ్గించి ఇస్తారు. ఇంజిన్ పూర్తిగా వేడెక్కక ముందే ఆపేస్తుంటే ఆయిల్‌లో చేరిన తేమ, పెట్రోలు ఆవిరైపోయే వీలుండదు. రిటైరయ్యాక నా వాడకం అదే. ఏడాదికి ఆరు వేలు దాటడం లేదు. తక్కువ తిప్పుతున్నాను కాబట్టి ఆయిల్ ఆలస్యంగా మార్చుకోవచ్చు అనుకునేదాన్ని. అది తప్పని పట్టిక చూశాకే తెలిసింది. ఇప్పుడు కిలోమీటర్లతో పని లేకుండా తేదీ ప్రకారం మార్పిస్తున్నాను.

పోయిన నెల ఆ 14 పద్దుల కాగితాన్ని సంతకం పెట్టకుండా ఇంటికి తెచ్చుకుని నోటుబుక్కు పక్కన పెట్టుకుని కూర్చున్నాను. ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్ గడువు వచ్చింది, సరే. ఎయిర్ ఫిల్టర్ నేనే క్లిప్పులు విప్పి తీసి చూశాను, మడతల నిండా మట్టి, మార్చాల్సిందే. ఏసీ ఫిల్టర్ ఆరు నెలల కిందటే మార్చాను, ఇంకా తెల్లగానే ఉంది. స్పార్క్ ప్లగ్గులు ఇరిడియంవి, మా మాన్యువల్ ప్రకారం లక్ష కిలోమీటర్లకు మార్చాలి. 1,08,000 దగ్గర ఇంజిన్ విప్పినప్పుడే కొత్తవి వేశారు. అంటే ఇప్పుడే వాటికి పని లేదు. అడ్వైజర్ దగ్గర ఆ లెక్క లేదు, ఎందుకంటే ఆ పని జరిగింది ఇంకోచోట. కూలెంట్ ఏళ్ల ప్రకారం గడువు దాటింది. అందులో తుప్పు పట్టకుండా కాపాడే మందు కొన్నేళ్లకు ఖర్చయిపోతుంది, రంగు బాగానే కనిపిస్తున్నా సరే. గేర్ ఆయిల్ ఎప్పుడు మార్చానో ఎంత వెతికినా కాగితం దొరకలేదు. రికార్డు లేకపోతే మార్చనట్టే లెక్క, అందుకని అదీ ఒప్పుకున్నాను. సెకండ్ హ్యాండ్‌లో కారు కొన్నవాళ్లు టైమింగ్ బెల్ట్ విషయంలో కూడా ఇదే లెక్క పెట్టుకోవాలి. పాత ఓనరు నోటిమాటగా "మార్పించేశాం" అంటే చాలదు.

ఇంజిన్ ఫ్లష్ అన్న మాట మా మాన్యువల్‌లో ఎక్కడా లేదు. ఏళ్ల తరబడి అడుగున పేరుకున్న మడ్డిని ఒక్కసారిగా కదిలిస్తే అది వెళ్లి ఆయిల్ పీల్చే జాలీకి అడ్డుపడొచ్చు. ఇంజిన్‌కి ఆయిల్ అందకపోతే ఆ తర్వాత చేసేదేమీ ఉండదు. వేళకు ఆయిల్ మారుస్తూ వచ్చిన ఇంజిన్‌కు దాని అవసరం రాదు. ఇంజెక్టర్లు, త్రాటిల్ బాడీ, డీకార్బనైజింగ్: వీటి గురించి నన్ను నేనే అడుగుకున్నాను. బండి వణుకుతోందా? ఆగినప్పుడు ఇంజిన్ వేగం ఎగుడుదిగుడుగా ఉందా? లాగడం తగ్గిందా? పెట్రోలు ఎక్కువ తాగుతోందా? ఏదీ లేదు. లక్షణం కనిపించినప్పుడు పరీక్ష చేసి, అప్పుడు శుభ్రం చేస్తే సరిపోతుంది. అలైన్‌మెంట్ కూడా అంతే. స్టీరింగ్ పక్కకు లాగడం లేదు, టైర్లు రెండు అంచులా సమానంగా అరుగుతున్నాయి.

14లో ఐదింటికి టిక్కు పెట్టాను. ఆ తర్వాత, జాబితాలో లేనివాటి గురించి ఆలోచించాను. నాకు భయం వేసింది అక్కడే.

బ్రేక్ ఆయిల్ ఆ జాబితాలో లేదు. మా మాన్యువల్‌లో అది రెండేళ్లకోసారి, నోటుబుక్కులో చివరిసారి మార్చి నాలుగేళ్లు. ఇందులో నా అశ్రద్ధ కూడా ఉంది, తిరగడం తగ్గాక ఆ పేజీ చూడలేదు. బ్రేక్ ఆయిల్ గాల్లో తేమను నెమ్మదిగా పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. సుమారు 3.7 శాతం నీరు చేరాక పరీక్షిస్తే 155 డిగ్రీలు తట్టుకుంటే చాలని ప్రమాణం. అంటే తేమ చేరేకొద్దీ అంత తగ్గిపోతుందన్నమాట. పొడవాటి దిగుడులో బ్రేకు మీద కాలు పెట్టి దిగుతుంటే చక్రాల దగ్గర వేడికి ఆ ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు వస్తాయి. ద్రవం నొక్కితే నలగదు, ఆవిరి నలుగుతుంది. పెడల్ నేలకు దిగిపోతుంది, బ్రేకు పడదు. డిస్కుల మీద ప్యాడ్లు కొత్తవైనా లాభం లేదు. అలాంటి పద్దు వదిలేసి ఏసీ శుద్ధి రాసిన జాబితాను ఏమనాలి?

రెండోది ఏ పట్టికా కిలోమీటర్ల లెక్కలో చెప్పలేనిది. అప్పట్లో ఇంజిన్ విప్పిన మెకానిక్ దగ్గరే కారును లిఫ్టు మీద ఎత్తించాను. టార్చి వేసి ఎడమవైపు ముందు చక్రం లోపలి అంచు చూపించాడు. అక్కడ నల్లటి గ్రీజు చుక్కలు గీత గీసినట్టు చుట్టూ చిమ్మి ఉన్నాయి. పైన డ్రైవ్ షాఫ్ట్‌కి, అంటే చక్రాన్ని తిప్పే ఇరుసుకి, జాయింటు మీద తొడుగులా ఉండే రబ్బరు బూటు, ముడతల మధ్యలో వేలెడంత చిరిగింది. లోపలి గ్రీజు ఇలా బయటకు పోతుంటే మట్టి, నీళ్లు లోపలికి పోతాయి. కొన్నాళ్లకు మలుపు తిప్పినప్పుడల్లా టకటకమని శబ్దం మొదలవుతుంది, అప్పటికి జాయింటే పోయినట్టు. ఇంకా శబ్దం రాలేదు కాబట్టి బూటు మార్చి, కొత్త గ్రీజు పెట్టడంతో సరిపోయింది. 12 ఏళ్ల కారుకు కావలసిన సర్వీసులో సగం ఇలా కింద పడుకుని టార్చి వేసి చూడటమే. హోసులు పిసికి చూడటం, సస్పెన్షన్‌లోని రబ్బరు బుష్‌లు చూడటం, బ్రేకు ప్యాడ్లలో ఎన్ని మిల్లీమీటర్లు మిగిలాయో కొలవడం, టైరు పక్క గోడ మీద చివరి నాలుగంకెలు చదవడం కూడా అందులోవే. ఆ అంకెలు 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. అరుగుదల కనిపించకపోయినా వయసు అక్కడే తెలుస్తుంది.

మనం చేసుకోగలిగింది కూడా ఒకటుంది. ఇంత తిరిగిన ఇంజిన్ కొంచెం ఆయిల్ తాగుతుంది. అది తప్పు కాదు, చూసుకోకపోవడం తప్పు. వెయ్యి కిలోమీటర్లకోసారి, చదునైన చోట, ఇంజిన్ ఆపిన కాసేపటికి ఆయిల్ మట్టం చూపే పుల్ల, డిప్‌స్టిక్, తీసి తుడిచి మళ్లీ ముంచి చూస్తే నిమిషం పట్టదు. సర్వీసుకూ సర్వీసుకూ మధ్య ఆయిల్ కింది గీత దాటి పడిపోయినా తెలియని వాళ్లు నాకు తెలుసు.

సర్వీసు సెంటర్లను నేను కోరేది ఒక్కటే. జాబ్ కార్డులో, అంటే మీరిచ్చే ఆ పనుల జాబితాలో, ప్రతి పద్దు పక్కన అది ఎందుకు రాశారో ఒక ముక్క రాయండి. మాన్యువల్ పట్టికలో ఉందా, కొలిచి చూశారా, లేక బండి ఓనరు ఏదైనా ఇబ్బంది చెప్పారా? ఈ మూడింట్లో ఏదీ కాకపోతే, అది ఐచ్ఛికమని రాయండి. తీసిన పాత వస్తువు చూపించండి. నిజాయతీగా పనిచేసే అడ్వైజర్‌కే దీనివల్ల ఎక్కువ మేలు, ఆయన మాటకు మళ్లీ విలువ వస్తుంది.

ఇక మీ పత్రికకు నా విన్నపం. వాహనాల పేజీలో నెలకోసారైనా పాత కార్లకు చోటివ్వండి. బాగా అనుభవమున్న మెకానిక్‌ల చేత చెప్పించండి. ఏ కారులో టైమింగ్ బెల్ట్ ఉందో, ఏ కారులో చైన్ ఉందో ఎలా తెలుసుకోవాలి? 'జీవితాంతం మార్చనక్కర్లేదు' అని రాసిన ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్‌కు ఆ జీవితం ఎన్ని కిలోమీటర్లు? మాన్యువల్ పోగొట్టుకున్నవాళ్లు ఏం చేయాలి? ఇలాంటివి రాస్తే కత్తిరించి దాచుకునే పాఠకులు ఉన్నారు, అందులో నేనొకదాన్ని.

మా రెండో టైమింగ్ బెల్ట్ వేయించి ఐదున్నరేళ్లయింది. కిలోమీటర్ల ప్రకారం ఇంకా 36 వేలు మిగిలాయి, ఇప్పటి నా వాడకానికి అవి ఆరేళ్లు వస్తాయి. తేదీ ప్రకారం మిగిలింది ఆరు నెలలే. అదే బెల్ట్ నడిపించే వాటర్ పంపుతో కలిపి మార్పించడానికి మెకానిక్‌కు చెప్పి ఉంచాను. తీసిన బెల్టు నాకు ఇవ్వాలని కూడా చెప్పాను, వెనక్కి వంచి చూసుకుంటాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ అకౌంట్స్ ఉద్యోగిని