విత్తనం ముంత

నాయనా,

నువ్వు బస్సెక్కి రెండు రోజులైంది. పోయేముందు నీతో చెప్పాలనుకున్న మాటలు సంచీ సర్దే తొందరలో నోట్లోనే ఉండిపోయినాయి. ఫోన్లో చెప్తే మధ్యలో నాకు ఏడుపొస్తుంది. అందుకే రాస్తున్నా. రాత్రి తీరిగ్గా చదువు.

జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ పోయి, విత్తనాలు దాచే ఆడవాళ్ల దగ్గర పది రోజులుంటానని నువ్వంటే మీ నాయన ఒప్పుకోలేదు. "మనకు రాని సేద్యమా, అంత దూరం పోయి నేర్చుకునేదానికి?" అన్నాడు. నేనే పంపించమని పట్టుబట్టినా. ఎందుకో ఆయనకు చెప్పలేదు. నీకు చెప్తాను.

నేను 1984లో ఈ ఇంటికి కోడలిగా వచ్చినా. అప్పటికే మన చుట్టుపక్కల చేలన్నీ చెనిక్కాయకు తిరుగుతున్నాయి. మీ అవ్వ మాత్రం ఒక్క ఎకరం వదల్లేదు. దాంట్లో కొర్ర, మధ్యమధ్య కంది సాళ్లు, గట్టు పొడవునా ఆముదాలు, ఇంటి మటుకు అనుములు, అలసందలు. కోతకు రెండు మూడు రోజుల ముందు ఆమె ఒక్కతే పొద్దున్నే చేలోకి పోయేది. కాండం గట్టిగా ఉండి, కొస దాకా గింజ పట్టిన కంకులు చూసి చూసి తుంచి ఒడిలో వేసుకొచ్చేది. కూలోళ్ల చేత కోయించిన కంకిని విత్తనానికి ఎన్నడూ తీసుకోలేదు. వాటిని నీడలో ఒకరోజు, ఎండలో రెండ్రోజులు ఆరబెట్టి, నలిపి, బూడిద కలిపి, వేపాకు వేసి ముంతలో పోసేది. మూతికి పేడ మెత్తి అటక మీద పెట్టేది. అది ఎవరూ ముట్టకూడదు.

మీ అక్క పుట్టిన మరుసటేడు చెనిక్కాయకు మంచి ధర పలికింది. ఆ ఎకరంలో కూడా చెనిక్కాయే వేద్దామన్నారు. నేనూ అన్నా. చేతిలోకి నాలుగు రూకలొస్తాయని ఆశ. ఇంక కొర్ర విత్తేది లేదు కదా అని ఒకరోజు ఆ ముంత దించి, పేడ పగలగొట్టి, బూడిద చెరిగి, దంచి అన్నం వండినా. మీ అవ్వ చేనినుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, పళ్లెం ముందు కూర్చుంది. అన్నం చేత్తో తాకి, "ఇవి విత్తనాలు కదమ్మా" అంది. అంతే. పెట్టింది పెట్టినట్టు తినింది. చనిపోయేదాకా ఆ మాట మళ్లీ ఎత్తలేదు. ఒక్కసారి తిట్టి ఉంటే నాకు బాగుండేది.

చెనిక్కాయ మనకు అన్నం పెట్టలేదని అనను. మీ చదువులు, అక్క పెళ్లి దాంతోనే అయినాయి. కానీ ఒక లెక్క చూడు. కొర్ర ఎకరాకు 2 కిలోలు చాలు, ముంతలో పడుతుంది. చెనిక్కాయకు ఎకరాకు 60 కిలోలకు తక్కువ కాకుండా గింజ కావాల. అది ముంతలో పట్టదు, అటక మీద నిలవదు. విత్తనం ఇంటినుంచి అంగడికి పోయింది అక్కడే. ఆ తర్వాత ప్రతి ఏడూ మృగశిర దగ్గరకొస్తుందంటే మీ నాయనకు నిద్రలేదు, అప్పు ఎక్కడ పుడుతుందా అని. 2000లో కాండం కుళ్లు వైరస్ వచ్చి మన అనంతపురం జిల్లా అంతా చెనిక్కాయ చేలు ఎండిపోయినాయి. నువ్వు పసిబిడ్డవి. చేలో ఉన్నది ఒక్క పంటే కాబట్టి ఒక్కసారిగా అంతా పోయింది. అప్పుడు నేను అటక మీదికి చూసినా. ఖాళీ.

అందుకే పస్తాపూర్ ఆడవాళ్ల సంఘం, ఆ డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంగతులు నువ్వు చదివి వినిపిస్తుంటే పొయ్యి కాడ నా చెయ్యి ఆగిపోయింది. 1983లో మొదలైందట. అందులో ఎక్కువ మంది దళిత ఆడవాళ్లట. బీడు పడిన నేలలు బాగుచేసుకుని జొన్న, కొర్ర, సామ, కంది, పెసర, కుసుమ కలిపి వేసి, విత్తనం ఇంట్లోనే దాచుకుంటారట. చెయ్యి చాచిన మనిషికి విత్తనం ఇచ్చి, పంట వచ్చాక తీసుకున్నదానికి మరికొంత కలిపి విత్తనమే తిరిగి తీసుకుంటారు, డబ్బు కాదు. సంక్రాంతినుంచి ఎద్దుల బండ్లకు విత్తనాల బుట్టలు కట్టి ఊరూరా తిరిగే పాత పంటల జాతర వాళ్లదే. 2008లో సొంతంగా రేడియో పెట్టుకున్నారు. 2019లో ఐక్యరాజ్యసమితి వాళ్ల ఈక్వేటర్ పురస్కారం కూడా వచ్చింది. అయినా నాకు నచ్చింది ఆ పురస్కారం కాదు. ఇంట్లో విత్తనం ఉన్న ఆడదాని దగ్గరికి ఊరోళ్లు వచ్చి అడుగుతారన్నావే, అది.

ఇప్పుడు నువ్వు అక్కడ ఎట్లుండాలో చెప్తా. వాళ్లను అవ్వా, అమ్మా అని పిలువు, మీరు అను. వాళ్లు పెట్టింది వాళ్ల మధ్యే కూర్చుని తిను. మన ఇంటి పెద్దోళ్లు కొందరి ఇండ్లలో మంచినీళ్లు కూడా ముట్టలేదు. అట్లాంటి వాళ్ల దగ్గరికే ఇప్పుడు మనం నేర్చుకునేదానికి పోతున్నాం, ఆ సంగతి మనసులో పెట్టుకో. ఫోన్ పక్కన పెట్టి చేట చేతిలోకి తీసుకో. చెరగడం రాకపోతే రాదని చెప్పు, నేర్పుతారు.

చేలో కలుపు అనుకుని పీకే ముందు అడుగు. మనం గురుగాకు అనేదాన్ని అక్కడ గునుగు అంటారు. వాళ్లు దాన్ని కూర వండుకుంటారు, పువ్వు బతుకమ్మకు పెడతారు. తుమ్మి, దొగ్గలి, జొన్న చెంచలి, ఇవన్నీ ఎవరూ విత్తకుండా వచ్చే కూరలు. మందు కొట్టిన చేలో అవి మొలవవు. నా చిన్నప్పుడు మనకూ ఉండేవి, పేర్లు కొన్ని నాకు ఇప్పుడు గుర్తు రావు.

అయితే చూసిందంతా తెచ్చి మన చేలో దించొద్దు. అక్కడ వాన మనకంటే చాలా ఎక్కువ. వాళ్లు సత్యం పంటలని చెప్పేవి, వాన ఆగినాక నేలలో మిగిలిన తేమతో, మంచుతో పండేవి, మన ఎర్రగరుసు నేలలో ఎట్లుంటాయో ముందు ఒక మూల నాలుగు సాళ్లు వేసి చూడాల. ఏ పంట పక్కన ఏది వేస్తారు, ఎందుకు వేస్తారు, ఏది పోతే ఏది నిలుస్తుందని ముందే లెక్కేసుకుంటారు, అది అడుగు. పేర్లు కాగితం మీద దొరుకుతాయి, ఆ లెక్క వాళ్ల దగ్గరే ఉంటుంది.

ఊరికే తీసుకుని రావొద్దు, మన దగ్గర చెప్పేది కూడా ఉంది. ఇక్కడ వానకు ముందే నవధాన్యాలకు మట్టి, పేడ, బూడిద పట్టించి ఎండు నేలలో చల్లుతున్నారు కదా, చీమా పిట్టా ముట్టకుండా వాన దాకా ఉంటున్నాయి. అది చెప్పు. మీ తాత జొన్నలు నేలలో తవ్విన పాతరలో ఎట్లా దాచేవాడో చెప్పు. తెరిచినాక, లోపల గాలి చెడి ఉంటుందేమోనని, దీపం దించి చూడకుండా లోపలికి దిగేవాడు కాదని కూడా చెప్పు.

కొర్ర విత్తనం ఇస్తే పిడికెడు తీసుకో. ఎంత తిరిగి ఇవ్వాలో, ఎప్పటికి ఇవ్వాలో అడిగి రాసుకో. మన చేలో పండిందే పంపిద్దాం.

ఇంకొకటి నాకోసం అడగాల. మీ అవ్వ విత్తనానికి కలిపే బూడిద పొయ్యిలోది కాదు, ఏదో ఒక కట్టె ప్రత్యేకంగా కాల్చి జల్లించి పెట్టుకునేది. అది ఏ కట్టెనో ఆమె ఉన్నన్నాళ్లూ నేను అడగలేదు. అక్కడ ముసలామె ఎవరన్నా విత్తనం దాస్తుంటే పక్కన కూర్చుని, ఏ బూడిద వేస్తుందో, వేపాకు పచ్చిది వేస్తుందో ఎండుది వేస్తుందో చూసి రాయి. ఈ నెలలో అటక శుభ్రం చేయిస్తున్నా.

మీ అమ్మ